పాట యాడుండాది?

కొత్తగా ఏది వచ్చినా దాని మూత విప్పి చూడందే నాకు నిద్ర పట్టదు. అందుకే క్యాసెట్టు, డౌన్‌లోడ్ ఏదీ అక్కర్లేకుండా ఇంటర్నెట్‌లోనే పాటలు వినిపించే సైటు ఒకటి వచ్చిందని తెలియగానే, కర్నూలులో మా ఆఫీసు కంప్యూటర్‌లో మొదట తెరిచింది నేనే. పాట సగంలో ఆగి చక్రం గిరగిరా తిరిగేది. అయినా మా సెక్షనంతా నా కుర్చీ చుట్టూ చేరేది.

కొన్నాళ్లకు ఎవరి పాట వాళ్లు పెట్టుకోవచ్చని ఆ సైటు వాళ్లే అన్నారు. డోన్ దగ్గర మా ఊళ్లో మా నాయన చెక్కభజన గురువు. చేతుల్లో చెక్కలు ఆడిస్తూ రాముడు అడవికి పోయే పాట ఎత్తుకున్నాడంటే జట్టులో ఒక్కరి అడుగూ తప్పేది కాదు. ఆ పాటను ఫోన్‌లో రికార్డు చేశాను. మధ్యలో గొంతు ఎండిపోయి, చెక్కల దెబ్బ తప్పకుండా, అదే రాగంలో "పాపా, నీళ్లు తేమ్మా" అన్నాడు నాతో. ఫోన్ పట్టుకుని ఉన్నదాన్ని, ఎక్కడికి పోను? నవ్వు ఆపుకోలేక చచ్చాను. ఆ మాటతో సహా పాటను సైటులో పెట్టేశాను.

"మన పాట ఇప్పుడు యాడుండాది?" అన్నాడు నాయన.

"వాళ్ల కంప్యూటర్లో నాయనా."

"ఆ కంప్యూటర్ యాడుండాది?"

నాకు తెలిస్తే కదా! "శానా దూరంలో" అని తప్పించుకున్నాను.

పాట కింద, దాన్ని ఎన్నిసార్లు విన్నారో అంకె కనిపించేది. మా బంధువులు విని వదిలేశాక కూడా రోజూ పొద్దున్నే ఆ అంకె ఒకటి పెరిగేది. ఎవరబ్బా ఈ మనిషి అని నాకు ఒకటే ఆరాటం.

తర్వాత సైటు నిండా ప్రకటనలు పడ్డాయి. పాటల హక్కులున్నవాళ్లు దావాలు వేశారని పేపర్లో వచ్చింది. సినిమా పాటలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. ఫోన్లలోకి కొత్త యాప్‌లు వచ్చాక మా సెక్షన్ వాళ్లే దాన్ని మరిచిపోయారు. నాయన చనిపోయాక, ఆయన గొంతు వినాలనిపించి తెరిస్తే, సైటు మూసేశాం, ఇన్నాళ్లూ విన్నందుకు ధన్యవాదాలంటూ ఒక్క వాక్యం ఉంది. రికార్డు చేసిన ఫోన్ ఎప్పుడో పాడైపోయింది. ఆయన గొంతు మిగిలింది అక్కడొక్కచోటే. ఏడుపు కన్నా ముందు నాకు ఒళ్లు మండింది.

ఈ ఏడు ఒంటిమిట్ట ఉత్సవాలకు పోయాను. గుడి బయట ఒక జట్టు చెక్కభజన చేస్తోంది. మా పాటే! ఎత్తుగడ కూడా మా నాయనదే. చూస్తుండగానే వాళ్ల గురువు మెడ పైకెత్తి "పాపా, నీళ్లు తేమ్మా" అన్నాడు. జట్టంతా అడుగు వేస్తూ "పాపా, నీళ్లు తేమ్మా" అని అందుకుంది.

పాట అయిపోగానే ఆ గురువు దగ్గరికి పోయాను. తుమ్మలపల్లె గనిలో పని చేస్తాడట.

"ఈ పాట యాడ నేర్చుకొంటిరప్పా?"

"అప్పుడు ఒక సైటుండె గదక్కా. డ్యూటీ బస్సులో రోజూ పొద్దున్నే ఫోన్లో ఇంటాంటి. మాకు నోటికొచ్చినాక అది మూతబడిపాయ."

"మరి ఈ నీళ్ల మాట?"

"అదే శానా గొప్ప మాటక్కా," అంటూ ఆయన చెమట తుడుచుకున్నాడు. "అడవికి పోతాంటే దప్పికైంటాది. దారిలో ఎవురో పాపను అడిగింటాడు రాములవారు. ఆ పాప ఎవురో మాత్రం తెలీదు."

నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. సంచీలోంచి నీళ్ల సీసా తీసి ఆయన చేతికిచ్చాను.

"నేనేనప్పా" అన్నాను.