అడ్డంగా ఊగిన దీపం

మొన్న సాయంత్రం మా మనుమరాలు విశాఖ నుంచి ఫోనుకు ఒక ఫోటో పంపింది. సముద్రపు ఒడ్డున కొండ మీద దీపస్తంభం, కింద కిక్కిరిసిన జనం. ఆ తీరం పొడుగునా అలాంటివి ఇంకా ఉన్నాయట, అన్నీ చూసి వస్తుందట. సంతోషించాల్సింది పోయి, దేవుడి ముందు వత్తి వేయడం మాని ఆ దీపస్తంభం వైపే చూస్తూ కూర్చున్నాను.

మా ఇంట్లో నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్ళం. బాపు నస్పూర్ దగ్గర బొగ్గుబాయిలో పనిచేసేవాడు. నేను బడి ముఖం చూడలేదు. డ్యూటీ దిగి వచ్చాక బాపే అరుగు మీద కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించేవాడు, మధ్యమధ్య బాయి లోపలి సంగతులూ చెప్పేవాడు. అక్కడి చప్పుడులో మాట వినబడదు కాబట్టి తలకు పెట్టుకున్న దీపాలతోనే సైగలు చేసుకుంటారని, దీపం అడ్డంగా ఊగితే ముందు ప్రమాదముంది, ఆగిపొమ్మని అర్థమని నాకు ఓనమాలకన్నా ముందే తెలుసు.

ఒకసారి సెలవు పెట్టి బాపు అవ్వనూ నన్నూ ఆ విశాఖ సముద్రమే చూపించడానికి తీసుకుపోయాడు. ఒడ్డున పరిచయమైన జాలరి ఒకాయన పిలిస్తే, చీకటి పడేలోపు వస్తానని పడవెక్కాడు. పొద్దుగూకింది, పడవ జాడ లేదు. ఇంతలో కొండ మీద దీపం వెలిగి, ఆ వెలుగు నీళ్ళ మీద అడ్డంగా తిరగసాగింది.

"అగో, దీపం అడ్డం ఊపుతుండ్రు బిడ్డా! ఏదో అయ్యింది!" అని అవ్వ దిగ్గున లేచింది.

దూరాన తీరం వంపులో ఇంకో దీపం కూడా అలాగే తిరుగుతోంది. మా దగ్గర వేళగాని వేళ సైరన్ మోగితే వాడంతా బాయి దగ్గరికి ఉరికేది. ఇక్కడేమో అంత జనంలో ఒక్కరూ కదలకుండా, మొక్కజొన్న కంకులు తింటూ నవ్వుకుంటుంటే మాకు ఇంకా భయమేసింది. అవ్వ కొంగుకు ముడి వేసి కొండగట్టు అంజన్నకు మొక్కుకుంటూ, దీపం ఆగమంటుందని అరుస్తూ నీళ్ళలోకి నడవబోతే, చేపలమ్మే ఒకావిడ రెక్క పట్టుకుని ఆపింది.

"ఓలమ్మా, అది ఆగమని కాదే! ఒడ్డు ఇక్కడుందని సెప్తంది."

అవ్వకు నమ్మకం కుదరలేదు. పడవ ఇసుకను తాకి, బాపు మోకాళ్ళ దాకా తడిసి దిగేదాకా ఆమె గుప్పిట్లో నా చెయ్యి నలిగిపోతూనే ఉంది. ఇంత ఆలస్యమెందుకయిందని అడిగితే బాపు తలగోక్కున్నాడు.

"దీపం అడ్డం తిరుగుతుంటే ముంగటికెట్ల పోతమే? నేనే పడవ ఆపుమన్న. ఆయన ఎంత చెప్పినా ఇనలే."

"సముద్రంల గూడ నీ బాయి బుద్ధి పోలే!" అని అవ్వ కసిరింది, కన్నీళ్ళు ఇంకా తుడుచుకోకుండానే.

ఆ తర్వాత బాపు డ్యూటీ నుంచి వస్తూ గల్లీ మొదట్లోనే టార్చిలైటు అడ్డంగా ఊపేవాడు, అవ్వను ఉడికించడానికి. ఆమె తిట్టుకుంటూనే అన్నం వడ్డించేది. అంజన్న దయవల్ల ఆయన బాయిలో పని ముగించుకుని నిండు మనిషిగా ఇంటికి చేరాడు. అంతకంటే ఏం కావాలి?

ఇప్పుడు అవ్వా బాపూ లేరు. మనుమరాలు ఎక్కడుందో ఫోనే చూపిస్తుందని మా కొడుకు అంటాడు. నిజమే కావచ్చు. కానీ చీకటి పడ్డాక గల్లీలో ఎవరి చేతిలోనైనా వెలుగు అడ్డంగా ఊగితే, నా గుండె ముందు ఆగిపోతుంది. వెంటనే లేచి అన్నం గిన్నె మీద మూత తీయబోతాను.