బల్లల కింద

మా పెన్‌పహాడ్ బడిని తల్లిదండ్రులమే వంతులేసుకొని నడుపుతం. సాయంత్రం తాళమేసే ముందు ప్రతి బల్ల కిందికి వంగి చూస్తం. ఆ పద్ధతి నేర్పింది ముక్కూమొహం తెలియని ఒక పెద్దామె.

బడి పెట్టిన కొత్తల, ఒకనాడు నా వంతు. తాళమేసి సూర్యాపేట బస్సెక్కిన. నా చేతిల తాళంచెవి చూసి ఏడిదని అడిగింది పక్క సీటు పెద్దామె. బడిదని చెప్తే మళ్ల అడిగింది, "పిల్లలందరు బయటికొచ్చిన్రా? లెక్కవెట్టినవా?"

లెక్కపెట్టలే. తమ పిల్లలను ఎవరికి వాళ్లే తీస్కపోయిన్రనుకున్న. ఊరు దాటకముందే బస్సు ఆపించి వెనక్కి ఉరికిన. ఆమె కూడ దిగి నా ఎంబడే వచ్చింది.

తలుపు తీస్తే లోపల ఎవ్వరు లేరు. పోయిన పానం లేచొచ్చినట్టయింది. ఆమె మాత్రం ఒక్కో బల్ల కిందికి వంగి చూస్తనే ఉన్నది.

"ఎవ్వరు లేరు కదమ్మా" అన్న.

"మేము గూడ ఆనాడు గట్లనే అనుకొని తాళమేసినం బిడ్డా."