ముద్ర పడని పుస్తకాలు

పై ఆఫీసు నుంచి వచ్చిన మెమోలో మూడే వాక్యాలు. గ్రంథాలయ సహాయకురాలు ఈ ఏడాది తన సొంత కార్డు మీద ఇరవై ఏడు పిల్లల పుస్తకాలు తీసుకున్నారు. ఆమెకు పిల్లలు లేరు. కార్డు రద్దు చేయడమైనది, దాని మీద వేసిన ముద్రలు చెల్లవు.

పదిహేడేళ్లుగా అక్కడ పనిచేస్తున్న ఆ సహాయకురాలు దాన్ని రెండుసార్లు చదివి, అందినట్టు సంతకం పెట్టి, మళ్లీ జిగురు గిన్నె దగ్గరికి వెళ్లిపోయింది. ఆ రెండో వాక్యం ఎందుకు రాశారని కూడా అడగలేదు.

ఆమెను పిల్లలంతా అట్టలక్క అంటారు. చిరిగినవి కుట్టడం, అట్టలు వేయడం, కౌంటరు దగ్గర రిజిస్టరు రాయడం ఆమె పని. కిటికీ కింద అడుగు అరలో ఉన్న ఆ ఇరవై ఏడు పుస్తకాలంటే ఆమెకు ప్రాణం. అన్నీ సెలవుల తర్వాత మళ్లీ బడికి వెళ్లడం గురించినవే. అమ్మ చెయ్యి వదలని బుడతలకు బొమ్మల పుస్తకాలున్నాయి. బడి మారినవాళ్లకు, జబ్బుపడి లేచినవాళ్లకు, తరగతి తప్పినవాళ్లకు కూడా ఉన్నాయి. బడులు తెరవడానికి ముందు రెండు వారాలు ఆ అర ఎదుట నేల మీద కాలు పెట్టే చోటుండదు. పెద్దపిల్లలైతే లెక్కల గైడు మధ్యలో దాచుకుని చదువుతారు. ఇంటికి మాత్రం ఒక్కరూ తీసుకెళ్లరు.

అక్కడి పద్ధతి అలాంటిది. గ్రంథపాలకుడు పుస్తకం పేరు పైకి చదవాలి, ఈమె రాసుకోవాలి. ఆయన గొంతు గది చివరిదాకా వినిపిస్తుంది. 'మళ్లీ అదే తరగతి' అని పదిమందిలో చదివించుకోవడానికి ఏ పదమూడేళ్ల పిల్ల ముందుకొస్తుంది? తీసుకెళ్లకపోతే తేదీ ముద్ర పడదు. రెండేళ్లు ముద్ర పడని పుస్తకం ఎవరికీ అక్కర్లేదని రాసి చిత్తుకాగితాల తూకానికి పంపేస్తారు. అంచులు అరిగి గుండ్రమైన పుస్తకాలవి. కాగితం మీద మాత్రం ఎవరూ ముట్టనివి. అందుకే అట్టలక్క వాటిని తన కార్డు మీద రాసుకుని, సంచిలో మోసుకెళ్లి, మర్నాడు మోసుకొచ్చి అరలో పెట్టేది.

అంతకుముందు ఇంకో ఉపాయం కూడా చేసి చూసింది. పేర్లు కనపడకుండా రంగు కాగితాలతో అట్టలు వేసింది. పిల్లలు రంగు చెప్పి అడగడం మొదలుపెట్టారు.

"పేరు మూసేస్తే నేనేం చదవాలమ్మా, నీ తలకాయా?" అన్నాడు గ్రంథపాలకుడు.

"నంబరు చదవండి సార్, రాసుకుంటా."

"రిజిస్టరు గడిలో పేరు అని ఉంది. ఆ గడి నేను గీశానా?"

ఆయన చెడ్డవాడు కాదు. లోపలి పేజీ తిప్పి పేరు చదివేవాడు, అంతే.

మెమో వచ్చిన వారానికి తూకం జాబితా తయారైంది. శనివారం గడువు. ఆలోగా ఎవరి పేరు మీదైనా ముద్ర పడ్డవే మిగులుతాయి. బుధవారం, కిందటేడు తరగతి తప్పిన ఒక పిల్ల వచ్చింది.

"అక్కా, నీలం అట్టది ఉందా?"

"ఉంది. శనివారం దాకా."

"తర్వాత?"

"పొట్లాలు కట్టుకుంటారు."

"జోకా?"

"నా మొహానికి జోకులు కూడానా. నీ కార్డు మీద తీసుకెళ్తావా?"

"సార్ పైకి చదువుతారు కదక్కా. వెనకాల మా క్లాసువాళ్లుంటారు." ఆ పిల్ల ఆగి, సరిచేసుకుంది. "అంటే, పోయినేడు మా క్లాసువాళ్లు."

అట్టలక్క బలవంతపెట్టలేదు. ఆ మాట అడిగినందుకే ఆమెకు సిగ్గేసింది.

శనివారం మధ్యాహ్నం వరసలో ఆ పిల్ల నిలబడి ఉంది, చేతిలో నీలం అట్ట. గ్రంథపాలకుడు పేజీ తిప్పాడు.

"మళ్లీ అదే తరగతి."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"నా గురించే సార్. అందరికీ వినపడిందిగా, ఇక ముద్ర వేయండి."

ఆయన ముద్ర వేశాడు. తలెత్తలేదు. అట్టలక్క రిజిస్టరు గడిలో పేరు రాసుకుంది.

మిగిలిన ఇరవై ఆరింటినీ సాయంత్రం తాడుతో కట్టింది కూడా ఆమే. ఆ పిల్ల ధైర్యాన్ని ఎవరో మెచ్చుకుంటే, "ఏం ధైర్యమండీ. ఒక్క పుస్తకం మిగలాలంటే చిన్నపిల్ల అంత మాట పడాలా?" అంది. గొంతులో కోపం కూడా లేదు, అలసట తప్ప.

మీకు దగ్గర్లోని గ్రంథాలయంలోనూ ఇలాంటి అర ఉండొచ్చు. బడులు తెరిచేలోగా వెళ్లండి. కౌంటరు దగ్గర పేరు బదులు నంబరు చదవమని అర్జీ రాసి, పక్కింటివాళ్ల చేత కూడా సంతకం పెట్టించి ఇవ్వండి. మీ పిల్లలు అక్కడే కూర్చుని చదివేసిన పుస్తకమైనా సరే, మీ కార్డు మీద తీసుకుని ముద్ర వేయించండి. మీకు పిల్లలు లేరా? అయినా తీసుకోండి.