చిన్నుతో ఆశన్న మాటలు

రుద్రూర్ పక్కన, చెరుకు తోటల నడుమ ఉన్న ఊళ్లో ఆశన్నను ఎరిగినవాళ్లంతా ఒకటే చెప్పేవాళ్లు: మనిషి మంచివాడు, మాటే కరువు. పలకరిస్తే తలూపేవాడు. దుకాణంలో బీడీకట్ట కావాలంటే వేలు చూపేవాడు. ఆయన చెప్పాల్సినవి కూడా భార్య హన్మవ్వే చెప్పేసేది. ఉన్న మూడెకరాల్లో సగం చెరుకు, సగం వరి వేసుకుంటూ అరవై రెండేళ్లు అలాగే గడిపేశాడు.

కొడుకు వేణు నిజామాబాద్‌లో ట్రాక్టర్ల మెకానిక్. కోడలు పుష్పలత బోధన్‌లో మందుల దుకాణంలో పనికి కుదిరింది. వాళ్ల కూతురు చిన్నును పగలంతా హన్మవ్వే చూసుకునేది. ఆమెకు మోకాళ్ల నొప్పులు, పిల్ల వెనక ఉరకలేదు. అందుకని ఫోనులో బొమ్మలు పెట్టి చేతికిచ్చి పక్కన కూర్చోబెట్టుకునేది.

రెండేళ్లు దాటి రెండు నెలలైనా చిన్ను నోట "అమ్మ", "దా" తప్ప మరో మాట రాలేదు. ఏం కావాలన్నా చేయి పట్టి లాక్కుపోయి చూపించేది. అడక్కముందే హన్మవ్వ అందించేది.

"మన వేణు గూడ మూడేండ్లు నిండినంకనే మాట్లాడిండు. గిదంత తాత పోలిక" అని నవ్వేసేది.

పుష్పలతకు మనసొప్పలేదు. ఒక సోమవారం సెలవు పెట్టి నిజామాబాద్‌లో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. తోడుగా ఆశన్న కూడా వెళ్లాడు. చెవులు పరీక్ష చేశారు. వినికిడి బాగానే ఉంది. చెప్పింది అర్థం చేసుకుంటోంది కూడా.

"పగలు ఎవరి దగ్గర ఉంటది?" అడిగింది డాక్టరమ్మ.

"మా అత్తమ్మ, మామ దగ్గర" అంది పుష్పలత, తప్పు చేసినదానిలా.

"ఎవ్వరి తప్పూ లేదమ్మా. కొందరికి ఆలస్యమైతది. అట్లని ఊకె కూసోవద్దు. ఫోను పక్కకు పెట్టుండ్రి. మీరు చేసే పనే పిల్లకు చెప్పుకుంట చెయ్యుండ్రి. చిన్న చిన్న మాటలు చాలు. ఒక మాట అన్నంక ఆగుండ్రి, పిల్లకు జర టైం ఇయ్యుండ్రి. తప్పు పలికితే దిద్దొద్దు, మీరు సరిగ్గ మళ్లొక్కసారి అంటే సరిపోతది. మూడు నెలలకు తీసుకరాండ్రి. అప్పటికి మార్పు లేకుంటే మాటలు నేర్పేవాళ్ల దగ్గరికి పంపిస్త."

తిరుగు బస్సులో ఆశన్న కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. తాత పోలిక అన్న మాట అన్నాళ్లూ ఆయనకు తగల్లేదు. ఆ రోజు తగిలింది. బోధన్‌లో దిగాక కోడలితో, "రేపటి సంది చిన్నును పొలం తోల్కపోత. ఎండ ముదరకముందే ఇంటికొస్తం" అన్నాడు.

మొదటి రోజు నోరు పెగల్లేదు. పొలం ఒడ్డు మీద పిల్లను కూర్చోబెట్టి, గడ్డి కోసి, నీళ్లు పారించి, ఒక్క మాటా లేకుండా ఇంటికొచ్చాడు.

"ఏం మాట్లాడాలెనో తెలుస్తలేదు బిడ్డా" అన్నాడు సాయంత్రం, పుష్పలతతో.

"బర్రెతోని మాట్లాడ్తరు గద మామా! పాలు పిండెటప్పుడు నేను విన్న. గట్లనే మాట్లాడుండ్రి."

ఆశన్న సిగ్గుపడ్డాడు. నిజమే. జరుగు, కాలు తియ్యి, తిన్నవా అంటూనే ఉంటాడు. అవి కూడా మాటలేనని ఆయనకు తోచలేదు.

మర్నాడు అక్కడి నుంచే మొదలుపెట్టాడు. "గిది బర్రె. బర్రెకు గడ్డి ఏస్తున్న. తింటున్నది సూడు." పొలంలో పిల్ల కాళ్లు కడుగుతూ, "నీళ్లు. సల్లగున్నయి." బొరియలోంచి తొంగిచూసే పీతను చూపిస్తూ, "ఎండ్రికాయ. పట్టొద్దు, కరుస్తది."

పక్క పొలం దేవిదాస్ చెరుకు సాళ్లలోంచి తల బయటపెట్టాడు. "ఎవలతోని మాట్లాడ్తున్నవే ఆశన్నా?"

"మనుమరాలితోని" అన్నాడు ఆశన్న, చెవులు ఎర్రబడుతుండగా. దేవిదాస్ వెళ్లేదాకా ఆగి మళ్లీ అందుకున్నాడు.

మాట్లాడటం కష్టమైంది గానీ, ఆగడం ఆయనకు కష్టం కాలేదు. హన్మవ్వ ప్రశ్న అడిగి జవాబు కూడా తానే చెప్పేది. వేణు "బాపు అను, బాపు అను" అని రెండుసార్లు చూసి లేచి వెళ్లిపోయేవాడు. ఆశన్న మాత్రం "గదేంది?" అని అడిగి పిల్ల ముఖంలోకి చూస్తూ తీరిగ్గా కూర్చునేవాడు. ఒక్కోసారి వేలితో చూపించిన కొంగ ఈలోగా ఎగిరిపోయేది కూడా. చిన్ను పెదాలు కదిలి ఆగిపోతే, "కొంగ" అని తానే అనేసి పనిలో పడేవాడు.

నెల తిరిగింది. మోటరు వేసే ముందు రోజూ "మోటరేద్దామా? నీళ్లు..." అని ఆగడం అలవాటైంది. ఒక పొద్దున అలా ఆగితే, చిన్ను స్టార్టర్ డబ్బా వంక చూసి "నీయు" అంది.

ఆశన్న బటన్ నొక్కాడు. పైపులోంచి నీళ్లు దుమికాయి. "నీళ్లు! అవు, నీళ్లే!" అన్నాడు. మోటరు ఆపేశాడు. పిల్ల మళ్లీ "నీయు" అంది. మళ్లీ వేశాడు. అలా వేస్తూ ఆపుతూ ఉంటే స్టార్టర్ పాడవుతుందని తెలిసి కూడా నాలుగుసార్లు వేశాడు.

మరో వారానికి పెరట్లో "బయ్యె" అంటూ పశువుల కొట్టం వైపు చేయి చూపింది. హన్మవ్వ సంబరంగా ముందుకు వంగి, "బయ్యె గాదే, బర్రె! బర్రె అను!" అని పట్టుబట్టింది. చిన్ను నోరు మూసుకుంది.

"ఊకోవే. అననియ్యి దాన్ని" అన్నాడు ఆశన్న.

హన్మవ్వ ముఖం మాడిపోయింది. "దాంతోని పొద్దుమూకులు మాట్లాడ్తున్నవట, దేవిదాస్ చెప్పిండు. నలభై ఏండ్లల నాతోని ఎన్నడన్న గట్ల మాట్లాడినవా? ఎటు పోతున్నవో, ఎప్పుడొస్తవో, ఏదన్న చెప్పినవా?"

"నేను నోరు తెరిసేలోపట నువ్వే చెప్పేస్తుంటివి" అన్నాడు ఆశన్న, కోపం లేకుండానే.

ఆ పూట ఇద్దరూ సరిగ్గా తినలేదు. తెల్లారి పొలానికి బయలుదేరుతూ ఆయన గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "కాలువ నీళ్లు ఇయ్యాల వదుల్తరట. మడులు సూసుకొని పదింటికొస్త."

"మంచిది" అంది హన్మవ్వ. ఆ తర్వాత ఆమె పిల్లను దిద్దలేదు.

మూడు నెలలకు పుష్పలత నోటుబుక్కులో రాసుకున్న చిన్ను మాటలు ముప్పై ఒకటయ్యాయి. "తాత దా", "నీయు ఒచ్చె" అని రెండేసి కలపడం కూడా మొదలైంది. వయసుకు ఇంకా తక్కువే గానీ దారిలో పడిందని, మరో మూడు నెలలకు చూద్దామని డాక్టరమ్మ అంది. ఎవరు నేర్పారని అడిగితే పుష్పలత మామను చూపించింది.

"ఏం చేసిండ్రు పెద్దాయనా?"

"ఏం జేయలే అమ్మా. పొలం పని జేసిన. చేసింది చెప్పిన."

ఇప్పుడు చిన్నుకు మూడేళ్లు నిండాయి, అంగన్‌వాడీకి పోతోంది. 'ర'కు నాలుక ఇంకా సరిగ్గా తిరగదు. పొలంలో అడుగుపెట్టింది మొదలు గదేంది, గిదేంది, ఎందుకు అని వెంటపడుతుంది. ఆశన్న చాలావాటికి జవాబు చెబుతాడు. నడుం నొప్పిగా ఉన్న రోజు మాత్రం, "అవ్వనడుగు పో" అని ఇంటికి పంపించేస్తాడు.