కౌంటర్ మీది ముఖం

నేను పనిచేసే కొట్లో ముడతలు తగ్గించే రెటినాల్ క్రీమ్ అమ్మేది అక్కే. "చలికాలం కదమ్మా, వారానికి రెండు రాత్రులు చాలు, ఎక్కువైతే ముఖం మండుతుంది. దాంతోపాటు మాయిశ్చరైజర్ కూడా రాసుకోండి," అని అందరికీ చెప్పేది.

ఓనర్ మండిపడ్డాడు. "అలా భయపెడితే ఎవరు కొంటారు? రోజూ నువ్వే రాసుకుని చూపించు!"

ఉద్యోగం పోతుందని రాసుకుంది. వారం తిరక్కముందే ముఖం మండి, ఉల్లిపొరలా పొట్టు లేచింది. ఓనర్ అయ్యో అనలేదు, ఫొటో తీసుకున్నాడు. "తగ్గేదాకా గోడౌన్‌లో ఉండు. ఈ ముఖం చూస్తే బేరాలు పోతాయి."

క్రీమ్ మానేశాక అక్క ముఖం మళ్లీ నున్నబడింది. అప్పుడూ ఫొటో తీశాడు.

దేవుడు సిగ్గు పంచిన రోజున మా ఓనర్ ఊళ్లో లేడు. ఇప్పుడు కౌంటర్ మీద రెండు ఫొటోలూ పక్కపక్కనే ఉన్నాయి. నున్నటి ముఖం కింద 'క్రీమ్ వాడాక' అని రాయించాడు. పొట్టు లేచిన ముఖం కింద, 'వాడకముందు'.