కుట్లు కనబడని ఆపరేషన్

కడుపులోని పెద్ద రక్తనాళం ఉబ్బిందని పోయిన వారం మా బాపుకు తొడ మొదట్లోని నాళం గుండా స్టెంట్ వేశారు. ఈ రోజు పట్టీ తీశాం. చీమ కుట్టినట్టు చిన్న మచ్చ తప్ప అక్కడేమీ లేదు. ఇబ్రహీంపట్నంలో ఇరవై ఏళ్లుగా ప్లాట్లు చూపించే మనిషి ఊరుకుంటాడా? అద్దం తెప్పించుకుని మరీ ఆ మచ్చను నాలుగు దిక్కుల నుంచీ చూశాడు.

“గింత లావు పైపు దూర్చిండ్రంటివి. కుట్లేవిరా?”

“పైన కోయకుండనే లోపల నాళానికి దారంతోని ముడేసిండ్రు బాపు.”

“నువ్వు చూసినవా?”

“లేదు. డాక్టర్ చెప్పిండు.”

“హద్దురాళ్లు చూపెట్టకుండ నేను ఎన్నడన్న ప్లాట్ అమ్మిన్నా? నువ్వు గుడ్డిగ సంతకం పెట్టొచ్చినవ్. అసల్ వాళ్లు ఆపరేషనే చెయ్యలే!”

అంటూనే గట్టిగా తుమ్మాడు. తుమ్ము బయటికి వచ్చేలోపే ఆయన అరచెయ్యి వెళ్లి ఆ మచ్చను అదిమి పట్టుకుంది, దగ్గినా తుమ్మినా అక్కడ నొక్కి పట్టుకోమని నర్సు నేర్పినట్టే. నవ్వబోయాను. చూసుకుంటే ఆయన చెయ్యి మీద నా చెయ్యి కూడా ఉంది.

కనబడని ముడిని నమ్మనివాళ్లు మీ ఇంట్లో ఎంతమంది? మా ఇంట్లో ఇద్దరం తేలాం.