సాయంత్రం ఆరింటి నొప్పిని పొద్దున్నే రాసేసిన వైనం

నా నడుం నొప్పికి మందు పనిచేసిన రోజునే, అది పనిచెయ్యలేదని నా చేత్తో రాసి, కింద సంతకం కూడా పెట్టిన ఘనుణ్ణి నేను. ఆ ఘోరం ఎలా జరిగిందో చెప్తాను. నవ్వుకోండి గానీ, మా ఆవిడకి వినపడేలా నవ్వకండి. మళ్ళీ మొదలుపెడుతుంది.

అప్పట్లో పరవాడ వైపు ఓ ఫ్యాక్టరీలో పంపు హౌస్ ఆపరేటర్ని. గంటకోసారి మీటర్లు చూసి లాగ్ షీట్‌లో రీడింగు రాయాలి. అంటే షిఫ్టుకి ఎనిమిదిసార్లు. నేనూ, నా జోడీ అప్పలరాజూ ఆ ఎనిమిదీ ఒక్కసారే రాసేసేవాళ్ళం. అన్నీ ఒకేలా ఉంటే ఆఫీసరు పట్టేస్తాడు కాబట్టి ఇక్కడో పాయింటు పెంచి, అక్కడో పాయింటు తగ్గించేవాళ్ళం. ఆ విద్యలో నేను బాగా చెయ్యి తిరిగినవాణ్ణి.

ఇక నా నడుం సంగతి. పది నిమిషాలు కూర్చుంటే చాలు, ప్రాణం పోయేది. మూడేళ్ళపాటు మా ఇంట్లో ఫ్రిజ్జే నా భోజనాల బల్ల. దాని మీద కంచం పెట్టుకుని నేను నిలబడి తింటుంటే, మా ఆవిడ సత్యవతి కింద కూర్చుని తల పైకెత్తి మాట్లాడేది. ఒక్కపూటైనా ఆవిడ పక్కన కూర్చుని తృప్తిగా అన్నం తినాలని ఉండేది నాకు. ఇంకే కోరికా లేదు.

చివరికి నొప్పులకి మాత్రమే వైద్యం చేసే ఓ డాక్టరమ్మ దొరికింది.

"వెన్ను కీళ్ళ దగ్గర్నుంచి నొప్పి కబురు మోసే సన్న నరాలుంటాయి. వాటి పక్కన మత్తు సూది వేస్తాను. కొన్ని గంటలే పనిచేస్తుంది. ఆ గంటల్లో నొప్పి తగ్గితే దొంగ దొరికినట్టే. తర్వాత ఆ నరాల్ని వేడితో కాల్చి చాలా నెలలు నోరు మూయించొచ్చు."

"తగ్గకపోతే?"

"ఈ వైద్యం మీకు కాదన్నమాట."

"అంటే మేడం, ఒక్కో లైనూ ఆపుకుంటా ఫాల్టు ఎక్కడుందో సూసినట్టా?"

"అచ్చం అంతే."

నా సంబరం చూడాలి! నడుం కూడా కరెంటు పనేనని నాకు ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. పదింటికి బోర్లా పడుకోబెట్టి, తెరమీద నా వెన్నెముక చూస్తూ సూది దించుతుంటే ఆగలేక అడిగాను.

"మందేసాక నొప్పి ఎక్కడికెల్తాది మేడం?"

"ఎక్కడికీ వెళ్ళదు. దాని కబురు మీ బుర్రకి చేరదు. కదలకండి."

తర్వాత ఓ కాగితం చేతిలో పెట్టింది. సాయంత్రం ఆరు దాకా గంటకో గడి. పైన 'సూదికి ముందు: ఏడు' అని ఉంది. "సున్నా నుంచి పది దాకా నొప్పి ఎంతుందో, ఏ గంటది ఆ గంటకే రాయండి. మామూలుగా నొప్పి తెచ్చే పనులన్నీ చేసి చూడండి," అంది.

నా బుర్రంతా ఒక్కటే ప్రశ్న. ఉండి కూడా తెలియని నొప్పిని నొప్పి అనొచ్చా? అది ఆలోచిస్తూనే, నాకు తోడొచ్చిన అప్పలరాజుతో ఆస్పత్రి క్యాంటీన్‌కి వెళ్ళాను. ఆలోచిస్తూనే కుర్చీలో కూర్చున్నాను. పెసరట్లొచ్చాయి.

"బావా, ఆ కాయితం రాసీ. అట్టు సల్లారిపోతంది."

"గంటగంటకీ రాయమన్నాది కదా."

"మనకి కొత్తేటి?"

నిజమే కదా అనిపించింది. పైనున్న ఏడు చూసి కిందికి దించాను. ఏడు, ఆరున్నర, ఏడు, ఏడు.

"ఆరింటికి ఏడున్నరెయ్యి బావా," అన్నాడు అప్పలరాజు. "సాయంత్రానికి ఒళ్ళలిసిపోద్ది కదా."

వేసి, సంతకం కూడా పెట్టి రెండో అట్టు చెప్పాను. అంతలో టీ కోసం వచ్చిన డాక్టరమ్మ నా ఎదురుగా ఆగింది.

"సూరిబాబు గారూ, కూర్చున్నారే!"

దిగ్గున లేచాను.

"ముప్పావుగంటయిపోనాది మేడం," అన్నాడు అప్పలరాజు గర్వంగా.

"ఇప్పుడు నొప్పెంత?"

అప్పుడు వెతుక్కున్నాను. అటు వాలాను, ఇటు వాలాను, వంగి చెప్పు సర్దుకున్నాను. మూడేళ్ళుగా దిగబడిన అద్దెవాడు చెప్పకుండా ఇల్లు ఖాళీ చేసినట్టుంది.

"సున్నా మేడం," అన్నాను.

ఆవిడ కాగితం తీసుకుంది. "ఇక్కడ ఏడని ఉంది. టైము పదకొండున్నర. మరి సాయంత్రం ఆరింటి నొప్పి మీకెలా తెలిసింది?"

"ఇరవయ్యేళ్ళ అనుభవం మేడం," అన్నాడు అప్పలరాజు.

ఆవిడ నవ్వలేదు. "నేనిటు రాకపోతే రేపు ఇది చూసి మీకీ వైద్యం పనికిరాదని పంపేసేదాన్ని." కాగితం చింపేసి కొత్తది ఇచ్చింది. "ఇది మీ ఆవిడ చేత రాయించండి."

పెసరట్టు చల్లారకూడదని ఎంత పని చేశాను!

దువ్వాడలో మా ఇంటికొచ్చి సత్యవతి పక్కన నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

"ఏటండీ, కూకున్నారేటి! లెగండి, మళ్ళీ పట్టేస్తాది!"

"డాక్టరమ్మే కూకోమన్నాది."

ఆవిడ అన్నం వడ్డించి నా మొహంలోకి తేరిపార చూసింది. "సెవుల కాడ జుట్టు నెరిసిపోనాదండీ మీకు. కిందనుంచి కనపళ్ళేదు ఇన్నాళ్ళూ." పప్పు ఇంకోసారి వెయ్యమన్నాను.

ఆ మర్నాడు డాక్టరమ్మ చదివిన కాగితం ఇదీ:

"ఒంటిగంట: సున్నా. కూకుని తిన్నారు. పప్పు మూడుసార్లు. రెండు: సున్నా. గిన్నెలు తియ్యమంటే ఏడన్నారు. నాను సున్నాయే ఏసాను. మూడు: ఒకటి. నాలుగు: మూడు. ఐదు: ఐదు. ఆరు: ఏడున్నర."

అవునండీ, ఏడున్నరే! పక్కనే ఉన్న అప్పలరాజు, "సెప్పానా బావా!" అని తొడ చరిచాడు. డాక్టరమ్మ ఈసారి నవ్వింది. ఖాయం చేసుకోడానికి ఇంకోరోజు మళ్ళీ సూదేసి, మళ్ళీ సత్యవతి చేతే రాయించి, ఆ తర్వాతే నరాల్ని కాల్చింది. ఇప్పుడు ఫ్రిజ్జు మీద పూలకుండీ ఉంది.

అందుచేత సకల జనుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. రాని గంటకి రీడింగు రాయను, పడని నొప్పికి అంకె వెయ్యను. ఈ మాట రోజూ తప్పకుండా పాటించినట్టు వచ్చే నెలాఖరు దాకా క్యాలెండరు మీద ఇప్పుడే సంతకాలు పెట్టేశాను.